శాస్త్రేతర విద్యార్థికి ప్రయోగశాల

మన దేశంలో ఏ కళాశాల ప్రాంగణంలో అడుగుపెట్టినా ఒక విభజన స్పష్టంగా కనబడుతుంది. ఒక ప్రక్క భౌతిక, రసాయన, జీవశాస్త్రాల ప్రయోగశాలలు ఉంటాయి. మరొక ప్రక్క చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం, వాణిజ్యశాస్త్రం, భాషాసాహిత్యాలు బోధించే తరగతి గదులు ఉంటాయి. ఈ రెండవ ప్రక్క చదువుకునే విద్యార్థి డిగ్రీ పూర్తయ్యే వరకు ప్రయోగశాల కిటికీల ప్రక్కగా నడిచిపోతాడే గాని, లోపల అడుగుపెట్టే సందర్భం అతనికి సాధారణంగా రాదు. పదవ తరగతి పరీక్ష వ్రాసిన నాటితోనే విజ్ఞానశాస్త్రానికీ తనకూ ఋణం తీరిపోయిందని అతడు భావిస్తాడు.

ఆ ఋణం నిజంగా తీరిపోలేదు. ఈ తరగతి గదులలో కూర్చున్నవారే రేపు తహసీల్దార్లు, న్యాయమూర్తులు, పాత్రికేయులు, బ్యాంకు అధికారులు, సర్పంచులు, శాసనసభ్యులు అవుతారు. ఒక ఊరి బావినీటి పరీక్షా ఫలితం, ఒక కర్మాగారం వదిలే పొగను గురించిన నివేదిక, ఒక కొత్త మందును గురించిన ప్రకటన వారి బల్లమీదికి వస్తాయి. కొలిచేవారు ఒకరు, ఆ కొలతను ఆధారం చేసుకొని నిర్ణయం తీసుకునేవారు మరొకరు. తన చేతితో ఒక్కసారి అయినా దేనినీ జాగ్రత్తగా కొలిచి చూడని వ్యక్తి, ఇతరుల కొలతలను ఎక్కడివరకు నమ్మవచ్చునో, ఎక్కడ ఆగి మరొక ప్రశ్న అడగవలెనో ఎట్లా తెలుసుకుంటాడు? శాస్త్రేతర విద్యార్థులకు ప్రయోగశాల అవసరమా అన్న చర్చకు మూలమైన ప్రశ్న ఇదే.

పాత ఆశయమే

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. కలకత్తాలో వైద్యుడు మహేంద్రలాల్ సర్కార్ 1876లో భారతీయ విజ్ఞాన అభివర్ధన సంఘాన్ని స్థాపించినపుడు, అక్కడి ఉపన్యాసాలను సాధారణ ప్రజలు కూడా వినడానికి, ప్రయోగాలను కన్నులారా చూడడానికి ఏర్పాటు చేశారు. సెయింట్ జేవియర్స్ కళాశాలకు చెందిన ఫాదర్ లాఫాన్ అక్కడ చేసి చూపిన ప్రదర్శనలు నగరంలో ప్రసిద్ధి పొందాయి. ఆర్థిక శాఖలో ఉద్యోగిగా 1907లో కలకత్తా చేరిన చంద్రశేఖర వేంకట రామన్, ఉద్యోగ వేళలకు ముందూ తరువాతా పరిశోధన చేసుకున్నది ఆ భవనంలోనే. ఆయన పేరుతో ప్రసిద్ధమైన ఫలితం 1928 ఫిబ్రవరి 28న వెలువడినదీ అక్కడినుంచే.

స్వాతంత్ర్యానంతరం డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం 1949లో సమర్పించిన నివేదికలో, ప్రతి పట్టభద్రునికీ తన ప్రత్యేక విషయంతో పాటు ప్రకృతి శాస్త్రాలు, సామాజిక శాస్త్రాలు, మానవీయ విద్యలతో సాధారణ పరిచయం ఉండవలెనని సూచించింది. దౌలత్‌సింగ్ కొఠారీ అధ్యక్షతన 1964–66లో పనిచేసిన విద్యా సంఘం, మొదటి పది సంవత్సరాల పాఠశాల విద్యలో విజ్ఞానశాస్త్రం, గణితం అందరికీ తప్పనిసరి కావలెనని చెప్పింది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ఒకటి. ఈ విధి విజ్ఞానశాస్త్ర పట్టభద్రులకు మాత్రమే నిర్దేశించినది కాదు, ప్రతి పౌరునికీ నిర్దేశించినది.

ఈ దిశలో దేశవ్యాప్తంగా పడిన ఒక పెద్ద అడుగు పర్యావరణ పాఠ్యక్రమం. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పును, 2003 డిసెంబరులో చేసిన ఆదేశాన్ని అనుసరించి, విశ్వవిద్యాలయ నిధుల సంఘం అన్ని శాఖల డిగ్రీ విద్యార్థులకూ వర్తించే విధంగా ఆరు నెలల పాఠ్యక్రమాన్ని రూపొందించింది. అందులో 50 తరగతులకుగాను 5 తరగతుల కాలాన్ని క్షేత్ర పరిశీలనకు కేటాయించారు. 100 మార్కులలో 25 ఆ పనికే నిర్ణయించారు. చెరువు, కొండవాలు, కలుషిత స్థలం, సామాన్యంగా కనబడే పక్షులు, కీటకాలు, మొక్కలు – వీటిని విద్యార్థి స్వయంగా చూసి వ్రాయవలెనన్నది ఉద్దేశం. వాణిజ్యశాస్త్ర విద్యార్థికి ఒక చెరువుగట్టునే ప్రయోగశాలగా చూపిన ఈ ఆలోచన ప్రశంసనీయమైనది. దాని ఫలితం మాత్రం ఆ ఐదు తరగతుల కాలం నిజంగా చెరువుగట్టున గడిచిందా, లేక పుస్తకంలోని చెరువు బొమ్మను నకలు చేయడంలో గడిచిందా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

2022 డిసెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం విడుదల చేసిన డిగ్రీ పాఠ్య ప్రణాళిక, తన ప్రధాన శాఖకు వెలుపలి విషయాలలో మూడు ప్రారంభస్థాయి కోర్సులను – మొత్తం 9 క్రెడిట్లు – ప్రతి విద్యార్థీ చదవవలెనని నిర్దేశించింది. ప్రకృతి, భౌతిక శాస్త్రాలు కూడ ఈ విషయాలలో చేరి ఉన్నవి. అదే ప్రణాళిక లెక్క ప్రకారం ఒక క్రెడిట్ ప్రయోగశాల పని అంటే ఒక సెమిస్టరులో 30 గంటలు. ఆ 30 గంటలు దొరికితే వాటిని ఏ విధంగా వినియోగించాలన్నదే ఇప్పుడు మనం ఆలోచించవలసిన విషయం.

పలుచన చేసిన ప్రయోగశాల వద్దు

సాధారణంగా తట్టే సులభమార్గం ఒకటి ఉన్నది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు చేసే ప్రయోగాలలో కొన్ని తేలికైనవి ఏరి, సూత్రాలు తగ్గించి, ఇతర విద్యార్థుల చేత చేయించడం ఆ మార్గం. ఈ పద్ధతిలో ఫలితం ముందే తెలిసి ఉంటుంది. రికార్డు పుస్తకంలో ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అన్న శీర్షికల క్రింద గత సంవత్సరపు విద్యార్థి వ్రాసినదే మళ్లీ వ్రాయబడుతుంది. రావలసిన సంఖ్య రాకపోతే దానిని రబ్బరుతో చెరిపి, రావలసినది వేస్తారు. భౌతికశాస్త్ర విద్యార్థికే ఇది హానికరం. ఇక మళ్లీ ఏనాడూ ప్రయోగశాలకు రాని విద్యార్థికి, విజ్ఞానశాస్త్రమంటే పెద్దలు ముందే నిర్ణయించిన జవాబును రాబట్టే తంతు అన్న అభిప్రాయమే శాశ్వతంగా మిగులుతుంది.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయాధ్యక్షుడు, రసాయన శాస్త్రజ్ఞుడు జేమ్స్ కొనాంట్ ఈ లోపాన్ని గుర్తించాడు. సామాన్య విద్యార్థికి శాస్త్రంలోని సమాచారమంతా అక్కరలేదనీ, శాస్త్రజ్ఞులు ఒక నిర్ణయానికి ఎట్లా వస్తారో తెలియడం ముఖ్యమనీ ఆయన 1947లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. గాలి పీడనంపై రాబర్ట్ బాయిల్ చేసిన పని వంటి చారిత్రక ఉదాహరణలను తీసుకొని, అందులోని సందేహాలతో, పొరపాట్లతో సహా బోధించే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టాడు. ఆ పద్ధతి విలువైనదే. కాని ఇతరుల సందేహాలను చదవడం వేరు, తన కొలతే తనకు సందేహం కలిగించడం వేరు. ఈ రెండవ అనుభవం పుస్తకంలో దొరకదు. దానికి ప్రయోగశాల కావలసిందే.

కాబట్టి శాస్త్రేతర విద్యార్థుల ప్రయోగశాల లక్ష్యం వేరుగా ఉండాలి. ఏ కొలతలోనైనా కొంత దోషం ఉంటుందని, ఆ దోషం ఎంతో అంచనా వేయవచ్చునని విద్యార్థి గ్రహించాలి. రెండు వివరణలలో ఏది సరియైనదో తేల్చడానికి ఏ పరిశీలన కావలెనో ఆలోచించగలగాలి. పోల్చి చూడడానికి ఏర్పాటు లేని ప్రయోగం ఏమీ చెప్పజాలదని తెలుసుకోవాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక పరీక్ష తనను అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుందని అర్థం చేసుకోవాలి. ఈ పాఠాలను ఏ విధంగా నేర్పవచ్చునో కొన్ని ప్రయోగాల ద్వారా పరిశీలిద్దాం.

దారం, రాయి, గడియారం

మొదటి ప్రయోగానికి ఒక దారం, ఒక చిన్న రాయి, సెకన్లు చూపే గడియారం చాలు. 99.4 సెంటీమీటర్ల పొడవుగల లోలకం ఒకసారి అటునిటు ఊగి రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. ఈ సంఖ్యను ముందుగా విద్యార్థులకు చెప్పరాదు. ప్రతి ఒక్కరినీ ఒకే ఒక ఊపుకు పట్టే కాలాన్ని కొలిచి నల్లబల్లమీద వ్రాయమనాలి. సంఖ్యలు ఒకదానితో ఒకటి కలియవు. ఎవరిది తప్పు అన్న వాదం మొదలవుతుంది. నిజానికి ఎవరిదీ తప్పు కాదు. కంటితో చూసి చేతితో గడియారాన్ని ఆపడానికి మనిషికి సెకనులో అయిదో వంతు కాలం పడుతుంది, అది కూడ ప్రతిసారీ ఒకే విధంగా ఉండదు.

తరువాత 20 ఊపులకు పట్టే కాలాన్ని కొలిచి 20 చేత భాగించమనాలి. అప్పుడు సంఖ్యలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. చేతి జాప్యం అంతే ఉన్నది. కాని అది ఇప్పుడు 20 ఊపులమీద పంచబడింది. కాగితం మందాన్ని కొలవడానికి ఒక్క కాగితాన్ని కాక 500 కాగితాల దొంతరను కొలిచి భాగించే ఉపాయం కూడా ఇదే. పరికరాన్ని మార్చకుండా, ఆలోచనను మార్చి కొలతను మెరుగుపరచవచ్చునన్న సంగతి ఇక్కడ విద్యార్థికి తెలుస్తుంది. బరువైన రాయి త్వరగా ఊగుతుందా అని అడిగితే తరగతిలో చాలామంది అవునంటారు. ఊగించి చూడమంటే చాలు. కాదని లోలకమే చెబుతుంది.

మూడు ఊళ్లు, మూడు నీడలు

రెండవ ప్రయోగం ఒక కళాశాల ఒంటరిగా చేయదగినది కాదు. మన ప్రాచీన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు కాలాన్ని, దిక్కులను నిర్ణయించడానికి వాడిన శంకువు అందరూ ఎరిగినదే. చదునైన నేలపై నిటారుగా నిలిపిన కొయ్యే శంకువు. మార్చి, సెప్టెంబరు నెలలలో వచ్చే విషువద్దినాలలో సూర్యుడు భూమధ్యరేఖకు సూటిగా పైన ఉంటాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒక మీటరు పొడవుగల కొయ్య నీడ హైదరాబాదులో సుమారు 31 సెంటీమీటర్లు, ఢిల్లీలో సుమారు 54 న్నర సెంటీమీటర్లు, కన్యాకుమారిలో సుమారు 14 సెంటీమీటర్లు ఉంటుంది.

మధ్యాహ్నమంటే గడియారంలోని 12 గంటలు కాదన్న విషయమే విద్యార్థికి మొదటి ఆశ్చర్యం. మన దేశకాలం 82 న్నర డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తుంది. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూరు మీదుగా, మన కోస్తాలో కాకినాడకు సమీపంగా పోతుంది. దానికి పశ్చిమాన ఉన్న హైదరాబాదులో మార్చి విషువద్దినాన నీడ అతి చిన్నదయ్యేది 12 గంటల 23 నిమిషాల ప్రాంతంలో. సెప్టెంబరులో 12 గంటల 9 నిమిషాల ప్రాంతంలో. అందుచేత గడియారాన్ని నమ్ముకొనక, పదకొండున్నర నుంచే ప్రతి ఐదు నిమిషాలకూ నీడ కొనను గుర్తించి, అన్నిటిలో పొట్టినీడ ఏదో చూడవలసి ఉంటుంది.

ఈ మూడు ఊళ్లలోని మూడు కళాశాలల విద్యార్థులు ఒకే రోజున నీడలను కొలిచి, ఒకరి కొలతలు మరొకరికి పంపుకున్నారనుకుందాం. హైదరాబాదు నీడనుబట్టి సూర్యకిరణాల వాలు 17.4 డిగ్రీలు, ఢిల్లీ నీడనుబట్టి 28.6 డిగ్రీలు. తేడా 11.2 డిగ్రీలు. ఈ రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 1,245 కిలోమీటర్లు. 11.2 డిగ్రీలకు ఇంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత? సుమారు 40,000 కిలోమీటర్లు. అదే భూమి చుట్టుకొలత. ఈజిప్టులో ఎరటోస్తనీస్ క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో చేసిన లెక్క ఇదే. ఇదే మార్గంలో 78వ రేఖాంశానికి సమీపంగా, కన్యాకుమారి నుంచి హిమాలయ పాదాల వరకు భూమిని కొలిచిన మహాసర్వే 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ చేతులమీదుగా ప్రారంభమైంది.

లెక్క ఇక్కడితో ఆగరాదు. తరగతిలో ఒక చరిత్ర విద్యార్థి లేచి ఈ విధంగా అడగవచ్చు: 'భూమి గుండ్రంగా ఉన్నదనీ, సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడనీ ముందే అనుకొని కదా ఈ లెక్క చేశాము? భూమి చదునుగా ఉండి, సూర్యుడే దగ్గరలో ఉన్నాడనుకుంటే?' ఈ ప్రశ్న అమూల్యమైనది. కేవలం హైదరాబాదు, ఢిల్లీ నీడలను మాత్రమే చూస్తే ఆ విద్యార్థి వాదాన్ని త్రోసిపుచ్చలేము. చదునైన నేలకు పైన సుమారు 5,400 కిలోమీటర్ల ఎత్తులో సూర్యుడున్నాడని అనుకున్నా ఈ రెండు నీడలూ సరిపోతాయి. రెండు కొలతలు రెండు వివరణలకూ లొంగినవి. తీర్పు చెప్పవలసినది మూడవ ఊరు. హైదరాబాదుకు దక్షిణంగా సుమారు 1,030 కిలోమీటర్ల దూరంలో ఉన్న కన్యాకుమారిలో, భూమి చదునుగా ఉంటే నీడ 12 సెంటీమీటర్లు మాత్రమే ఉండాలి. గుండ్రంగా ఉంటే 14 సెంటీమీటర్లు ఉండాలి.

తేడా రెండే సెంటీమీటర్లు. సూర్యుడు చుక్కవలె కాక బింబంగా కనబడడంచేత నీడ కొన స్పష్టంగా ఉండదు. దాదాపు ఒక సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. ఒక్కొక్క ఊరిలో అర సెంటీమీటరు పొరపాటు జరిగినా ఈ రెండు సెంటీమీటర్ల తేడాపై అనుమానం కలుగుతుంది. కనుక ప్రతి ఊరిలోనూ పలు జట్లు విడివిడిగా కొలిచి సగటు తీయాలి. కొయ్య నిటారుగా ఉన్నదో లేదో తూకపు దారంతో సరిచూడాలి. ఒక ఊరి విద్యార్థుల అజాగ్రత్త మూడు ఊళ్ల శ్రమనూ వృథా చేయగలదు. తాము ఎన్నడూ చూడని, తమ భాష కాని భాష మాట్లాడే విద్యార్థుల నిజాయితీపై తమ ఫలితం ఆధారపడి ఉన్నదని తెలియడం కూడ ఈ ప్రయోగం నేర్పే పాఠాలలో ఒకటి. జాతీయ సమైక్యత గురించి చేసే ఉపన్యాసం కంటె ఇది బలమైన బోధన కావచ్చు.

ఎనిమిది కప్పుల తేనీరు

కొలవడానికి వీలుకాని విషయాలలోనూ ప్రయోగానికి తావున్నది. కప్పులో ముందు పాలు పోశారో, ముందు తేనీరు పోశారో రుచి చూసి చెప్పగలనని ఒకరు అన్నారనుకుందాం. సంఖ్యాశాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ 1935లో ప్రచురించిన గ్రంథంలో ఈ ఉదాహరణను ప్రసిద్ధం చేశాడు. నాలుగు కప్పులు ఒక విధంగా, నాలుగు కప్పులు మరొక విధంగా తయారుచేసి, వరుసను చీట్లు వేసి నిర్ణయించి, రుచి చూసేవారికి తెలియకుండా అందించాలి. ఊరక ఊహించి ఎనిమిదింటినీ సరిగా చెప్పే అవకాశం 70లో ఒకటి మాత్రమే. ఒక్క కప్పు చూసి సరిగా చెబితే ఏమీ ఋజువు కాదు. అది నాణెం ఎగురవేయడంతో సమానం. ఈ చిన్న ఆటను ఆడిన ఆర్థికశాస్త్ర, వాణిజ్యశాస్త్ర విద్యార్థులు, 'ఈ మందు వాడిన మా బంధువుకు నయమైంది' అన్న మాటను ఎట్లా పరిశీలించాలో సుళువుగా గ్రహిస్తారు.

నీరు నల్లబడింది

ఇక ప్రాణానికి సంబంధించిన ప్రయోగం. గ్వాలియరులోని రక్షణ పరిశోధనా సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 1982లో త్రాగునీటికి ఒక సులభ పరీక్షను ప్రచురించారు. ఇనుప లవణం, థయోసల్ఫేట్, బాక్టీరియాకు కావలసిన పోషక పదార్థాలు పట్టించి ఆరబెట్టిన ఒక కాగితపు ముక్క శుభ్రమైన సీసాలో ఉంటుంది. అందులో పరీక్షించవలసిన నీటిని పోసి, వెచ్చని చోట ఒక రాత్రి ఉంచుతారు. మలంతో కలుషితమైన నీటిలో సాధారణంగా కనబడే కొన్ని బాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడు వాయువును పుట్టిస్తాయి. అది ఇనుముతో కలిసి నీటిని నల్లగా మారుస్తుంది. ఈ పరీక్షకు సూక్ష్మదర్శిని గాని, విద్యుత్తు గాని అక్కరలేదు.

విద్యార్థుల జట్టుకు నాలుగు సీసాలు ఇవ్వాలి. ఒకదానిలో కళాశాల కుళాయి నీరు, రెండవదానిలో బోరుబావి నీరు, మూడవదానిలో బాగా మరగించి చల్లార్చిన నీరు, నాలుగవదానిలో చెరువు నీరు. మొదటి రెండూ సరే, మిగతా రెండూ ఎందుకని విద్యార్థులు అడుగుతారు. మరగించిన నీరు కూడా నల్లబడితే తప్పు నీటిలో లేదు, సీసాలోనే ఉన్నది. మురికి చెరువు నీరు సైతం నల్లబడకపోతే కాగితపు పట్టీయే పాడైపోయిందని అనుమానించాలి. పరీక్షను పరీక్షించేవి ఈ రెండు సీసాలు. ఇవి లేకుండా మొదటి రెండు సీసాలు చెప్పే మాటకు విలువ లేదు. ఈ సంగతి ఒకసారి చేతితో చేసి తెలుసుకున్నవారు, తరువాత ఏ నివేదిక చదివినా 'పోల్చి చూడడానికి ఏమి ఉంచారు?' అని అడగగలుగుతారు. నల్లబడిన సీసాలలో బాక్టీరియా విస్తారంగా పెరిగి ఉంటుంది కాబట్టి వాటిని మూత తీసి వాసన చూడరాదు. బ్లీచింగ్ పౌడర్ ద్రావణం పోసి కొంతసేపు ఉంచిన తరువాతనే పారవేయాలి.

మరునాడు ఉదయం బోరుబావి సీసా నల్లబడలేదు. విద్యార్థి పుస్తకంలో 'ఈ నీరు సురక్షితం' అని వ్రాస్తాడు. ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో ఆపవలసిన స్థలం ఇదే.

ఎందుకు ఆపవలెనో మన పొరుగుదేశమైన బంగ్లాదేశ్ చరిత్ర చెబుతుంది. చెరువుల నీటివల్ల వ్యాపించే కలరా, అతిసారం వంటి వ్యాధులనుంచి పిల్లలను కాపాడడానికి, ముఖ్యంగా 1970 దశకం నుంచి, అక్కడ గొట్టపు బావులు పెద్దఎత్తున త్రవ్వించారు. బాక్టీరియా దృష్టితో చూస్తే ఆ నీరు చెరువు నీటికంటె ఎంతో మేలు. కాని భూగర్భంలోని అవక్షేపాలనుంచి అనేక బావులలోకి ఆర్సెనిక్ చేరింది. ఆ విషానికి రంగు లేదు, రుచి లేదు. దాని కోసం ఎవరూ పరీక్షించలేదు. పశ్చిమ బెంగాల్‌లో 1980 దశకంలోనే ఆర్సెనిక్ రోగులు బయటపడగా, బంగ్లాదేశ్ బావులలో దానిని 1993లో గుర్తించారు. ఆ తరువాత దేశమంతటా లక్షలాది బావులను చిన్న పెట్టెలలో పట్టే పరికరాలతో పరీక్షించి, లీటరుకు 50 మైక్రోగ్రాములకు మించి ఉన్న బావుల మూతికి ఎర్ర రంగు, అంతకు లోపల ఉన్నవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములే. కాబట్టి ఒక ప్రమాణంలో ఆకుపచ్చగా ఉన్న బావి మరొక ప్రమాణంలో ఎర్రనిది కావచ్చు. గీతకు కొంచెం ఇటూ అటూ ఉన్న బావి విషయంలో పరికరం చేసే చిన్న పొరపాటుకే రంగు మారిపోవచ్చు. లోలకం దగ్గర నేర్చుకున్న 'దోషం' అన్న మాటకు ఇక్కడ ఒక కుటుంబం ఆరోగ్యమంత బరువు వస్తుంది.

మనవైపు కథ కూడా ఇటువంటిదే. త్రాగునీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు గట్టిపడి, వంగి, మనుషులు వికలాంగులవుతున్న వ్యాధిని మన దేశంలో మొదటిసారిగా 1937లో నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లానుంచి వైద్యులు ప్రకటించారు. నల్లగొండ జిల్లా ఆ బాధకు తరువాత ప్రతీకగా నిలిచింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అన్న పేరు స్థిరపడింది. మన ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు ఆమోదయోగ్యం; వేరే నీరు దొరకనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. ఇంతకు ఎన్నో రెట్లు ఫ్లోరైడు ఉన్న నీరు కూడ గ్వాలియరు కాగితపు పరీక్షలో తేటగా, నిర్దోషంగా కనబడుతుంది. ఆ పరీక్ష అబద్ధం చెప్పలేదు. దానిని ఫ్లోరైడు గురించి ఎవరూ అడగలేదు.

కనుక విద్యార్థి తన వాక్యాన్ని దిద్దుకోవాలి. 'ఈ నీటిలో, ఈ పరీక్షకు దొరికే బాక్టీరియా ఈ రోజు కనబడలేదు' అన్నది సరియైన వాక్యం. మొదటి వాక్యానికీ దీనికీ ఉన్న అంతరమే ఈ కోర్సు మొత్తానికి సారాంశం. రేపు ఆ విద్యార్థి అధికారి అయి, 'నీరు సురక్షితం' అని ఒక్క మాటలో ముగిసే నివేదికపై సంతకం చేయవలసి వస్తే, కలం ఒక్క క్షణం ఆగి, 'ఏ పరీక్షలు చేశారు?' అని అడుగుతుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఈ 30 గంటలు.

ఆచరణలో

ఇన్ని కళాశాలలలో ఇంతమంది విద్యార్థులకు ప్రయోగశాలలు ఎక్కడివి అన్న ఆక్షేపణ సహజం. పైన చెప్పిన ప్రయోగాలలో ఏ ఒక్కదానికీ ఖరీదైన పరికరం అక్కరలేదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 గ్రామీణ మాధ్యమిక పాఠశాలలతో మొదలైన విజ్ఞాన బోధనా కార్యక్రమం, స్థానికంగా దొరికే సామగ్రితోనే పల్లె పిల్లలు ప్రయోగాలు చేసి నేర్చుకోగలరని నిరూపించింది. విశ్వవిద్యాలయాల అధ్యాపకులు కూడ అందులో పాలుపంచుకున్నారు. 2002లో ఆ కార్యక్రమం పాఠశాలలలో ఆగిపోయినా, అది చూపిన మార్గం మాసిపోలేదు. పల్లె బడిలో సాధ్యమైనది డిగ్రీ కళాశాలలో అసాధ్యం కాజాలదు.

నిజమైన కొరత పరికరాలది కాదు, పరీక్షా విధానానిది. సరియైన సంఖ్య వచ్చినందుకు మార్కులు ఇచ్చినంతకాలం విద్యార్థులు సంఖ్యలను దిద్దుతూనే ఉంటారు. ఈ ప్రయోగశాలలో మార్కులు వేరొకదానికి ఇవ్వాలి. కొలతలన్నీ, కుదరనివాటితో సహా, సిరాతో వ్రాశారా? తేడా ఎందుకు వచ్చిందో ఊహించారా? ఆ ఊహను పరీక్షించడానికి మరొక ప్రయోగం సూచించారా? తమ ఫలితం దేనిని ఋజువు చేయదో చెప్పగలిగారా? ఈ ప్రశ్నలకు మాతృభాషలో నాలుగు స్పష్టమైన వాక్యాలు వ్రాయగలిగితే అది చాలు. ఆ విషయంలో భాషాసాహిత్య విద్యార్థులు ఇతరులకంటె ముందుండినా ఆశ్చర్యం లేదు.

ఉపాధ్యాయుని పాత్ర కూడా మారవలసి ఉంటుంది. జవాబు తెలిసినవాడుగా కాక, 'నీకు ఎట్లా తెలుసు?' అని అడిగేవాడుగా ఆయన జట్ల మధ్య తిరగాలి. ఇందుకు భౌతికశాస్త్ర అధ్యాపకులు, చరిత్ర అధ్యాపకులు కలసి బోధించడం ఉత్తమం. ఆధారాలను తూచి చూడడం, ఒక సాక్ష్యం మరొక సాక్ష్యంతో కలియనపుడు ఆగి ఆలోచించడం చరిత్రకారునికి కొత్త విద్య కాదు. న్యాయశాస్త్ర విద్యార్థికి అంతకంటె కాదు. కళాశాల ప్రాంగణంలోని రెండు ప్రక్కలూ మనం అనుకున్నంత దూరంగా లేవన్న సంగతి ఆ విధంగా అధ్యాపకులకు కూడ అవగతమవుతుంది.

ప్రజాస్వామ్యంలో ప్రతి పౌరుడూ శాస్త్రజ్ఞుడు కానవసరం లేదు. కాని శాస్త్రజ్ఞుల మాటను గ్రుడ్డిగా నమ్మడం, గ్రుడ్డిగా కాదనడం ఈ రెండూ ఒకే అజ్ఞానానికి రెండు ముఖాలు. వాటి మధ్య మార్గం పుస్తకాలలో చదివితే తెలిసేది కాదు. దారం కట్టి, నీడ కొలిచి, సీసాలో నీరు నింపి, తెల్లవారేవరకు వేచి చూసి తెలుసుకోవలసినది. ఇంతకాలం కిటికీ ప్రక్కగా నడిచిపోతున్న విద్యార్థికి ఆ తలుపు తెరవడం మన విశ్వవిద్యాలయాల బాధ్యత.